బండి కదిలితే ఎత్తను

నా మాట ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. స్కూలు ఆఫీసులో మొదలుపెడితే "సరే, చూద్దాం" అని కాగితాల్లోకి తల దించుకున్నారు. డ్రైవర్ల అడ్డా దగ్గర మొదలుపెడితే సగంలోనే చాయ్ గ్లాసులు పెట్టేసి లేచిపోయారు. ఇంట్లో నా భార్య "మల్ల షురూ చేసినవా?" అని టీవీ సప్పుడు పెంచింది. నేను ఫోన్ ఎత్తని డ్రైవర్‌నని హుజూరాబాద్ చుట్టుపక్కల పుకారు పుట్టినప్పుడు మాత్రం అందరికీ చెవులున్నాయి. ఎందుకు ఎత్తలేదో చెప్పబోతే ఒక్కరికీ తీరిక లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడిపేవాణ్ణి. పొద్దున పల్లెల్లో పిల్లల్ని ఎక్కించుకొని హుజూరాబాద్ తేవడం, సాయంత్రం మళ్ళీ దింపి రావడం నా పని. అంతకుముందు చాలా ఏళ్ళు భైంసా వైపు పత్తి లారీ నడిపాను. ఆ రోజుల్లో ఒకసారి మా లారీలు రెండు, ముందొకటి వెనకొకటి పోతున్నాయి. ముందుది ఉన్నట్టుండి రోడ్డు దిగి చెట్టుకు గుద్దుకుంది. దాన్ని నడుపుతున్నవాడు నాతో ఒకే గిన్నెలో అన్నం తిన్న మనిషి. క్యాబిన్ తలుపు విరగ్గొట్టి బయటికి తీసేలోపే ప్రాణం పోయింది. అతని ఫోన్ మాత్రం గడ్డిలో పడి మాట్లాడుతూనే ఉంది. చిన్న బటన్ ఫోన్, అవి పడ్డా పగలవు. "ఏమాయె? సప్పుడు చేస్తలేవు?" అని అతని భార్య అడుగుతోంది. ఆ ఫోన్ చేతిలోకి తీసుకున్నది నేను. ఆమెకు జవాబు చెప్పింది నేను. ఏం చెప్పానో ఇక్కడ రాయను.

అప్పటి నుంచి నాదొకటే పద్ధతి. నాదీ బటన్ ఫోనే. కింది వరుసలో కుడి చివరి బటన్ నొక్కి పట్టుకుంటే సైలెంట్ అవుతుంది. అది చేసి, ఫోన్ సీటు పక్కన డబ్బాలో పెట్టి, మూత వేసి, ఆ తర్వాతే తాళం తిప్పుతాను. స్కూల్లో చేరిన రోజే బస్సుల ఇన్‌చార్జికి చెప్పాను.

"సార్, బండి కదిలినంక నేను ఫోన్ ఎత్త."

"మంచిదే గద. గట్లనే ఉండాలె" అన్నాడు ఆయన.

ఆ మాట అన్న నెలలోనే పిల్లల గుర్తింపు కార్డుల వెనక నా నంబరు అచ్చు వేయించాడు. నంబరు పక్కన నా పేరు లేదు. 'డ్రైవర్' అని ఉంది. కొత్త బస్సు వచ్చినప్పుడు ఫోటో తీశారు. ఓనరు, టీచర్లు, వాచ్‌మన్ కూడా నిలబడ్డారు. నన్ను మాత్రం "నువ్వు జర పక్కకు జరుగు, బస్సు కనిపిస్తలేదు" అన్నారు. పక్కకు జరిగాను. ఆ మాట ఎవరన్నారో, ఏ చొక్కా వేసుకొని అన్నారో కూడా నాకు గుర్తుంది.

కార్డులు పంచాక ఇక మొదలైంది. "అన్నా, ఏడున్నవ్?" "మావోడు ఇంకా తానం చేస్తుండు, జర ఆపు." "ఇయ్యాల రాడు, ఫికర్ చెయ్యకు." ఇవన్నీ బస్సు నడుస్తుండగా వచ్చే ఫోన్లే. ఎత్తకపోతే సాయంత్రం ఆఫీసులో ఫిర్యాదు. అందుకని నేనే ఒక దారి చూశాను. మా దిక్కు మిస్డ్ కాల్ ఇవ్వడమంటే మాట చెప్పినట్టే. కరెంటు వచ్చింది, మోటరు పెట్టు అని ఇస్తారు. బువ్వ పట్టుకురా అని ఇస్తారు. నేను ఊరికి ఒక ఇంటి నంబరు చొప్పున ఒక్కో బటన్‌కు పెట్టుకున్నాను. ఒక ఊళ్ళో బస్సు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, డబ్బాలోంచి ఫోన్ తీసి, పిల్లలు ఎక్కుతుండగా తరువాతి ఊరి బటన్ నొక్కి పట్టుకుంటే ఆ ఇంట్లో ఒకసారి మోగుతుంది. కట్ చేసి మళ్ళీ డబ్బాలో పెడతాను. ఆ ఇంటివాళ్ళు మిగతావాళ్ళను కేకేస్తారు. ఎత్తే పని లేదు, మాట్లాడే పని లేదు.

"నీ బస్సుకు హారన్ లేదా, ఫోన్‌తోని కొడ్తున్నవ్?" అని ఆయమ్మ నవ్వేది. పిల్లల్ని చెయ్యి పట్టి ఎక్కించే ఆయమ్మ ఉన్నంతకాలం నాకు సగం భారం తక్కువ. దసరా తర్వాత ఆమెను బస్సు మాన్పించి స్కూల్లో ఊడ్చే పనికి పెట్టారు. ఫోన్ ఆయమ్మకు ఇవ్వొచ్చు కదా అని ఇప్పుడు అడిగేవాళ్ళకు ఇదే నా జవాబు. ఆమెను మళ్ళీ పంపమని అప్పుడే అడిగాను. పట్టించుకోలేదు.

కాలువ కట్ట మీది ఊరు నా దారిలో చివరిది. అక్కడ ఒక ముసలమ్మ. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు, కోడలు తెల్లవారకముందే పత్తి ఏరడానికి పోతుంది, మనుమరాల్ని బస్సెక్కించేది ఈమే. ఆ ఊరి బటన్‌కు ఈమె నంబరే పెట్టాను. మిస్డ్ కాల్ ఎత్తకూడదని ఊరంతటికీ తెలుసు. ఈమె మాత్రం మొదటి మోతకే ఎత్తేది. ఏ ఫోన్ మోగినా ఆమెకు కొడుకే.

"కొడుకా, తిన్నవా?"

"అవ్వా, నేను బస్సోన్ని."

"బస్సోనివైతే తినవా?"

తిన్నానని చెప్పి పెట్టేసేవాణ్ణి. ఒకరోజు దిగి, దగ్గర నిలబడి నేర్పాను. "అవ్వా, పొద్దుగాల మోగేది నేను. ఎత్తకు. పిల్లను తోల్కొని రోడ్డు మీదికి రా." ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. "ఇగ ఎత్త కొడుకా. మోగుడే తడువు, ఉరుకుడే" అంది. చదువు రాదు కాబట్టి ఎవరి పేరు పడిందో చూసుకోలేదు. పొద్దున మోగితే బస్సు, సాయంత్రం మోగితే కొడుకు. ఆమె లెక్క అంతే. కొడుకు కూడా ఎప్పుడూ సాయంత్రమే చేసేవాడు.

చలికాలంలో ఒక పొద్దున పొగమంచు కాలువను, కట్టను, రోడ్డును కలిపేసింది. ఆ రోజు కొడుకు ఎందుకో పొద్దున్నే చేశాడు. ముసలమ్మ ఫోన్ మోగిన సప్పుడు విని, దాన్ని గూట్లోనే వదిలి, పిల్లను తీసుకొని రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. అక్కడ గల్ఫ్ నుంచి కొడుకు మళ్ళీ మళ్ళీ చేశాడు. ఎత్తేవాళ్ళు లేరు. అవ్వకు ఏమన్నా అయిందేమోనని భయపడి, పిల్ల కార్డు మీది నా నంబరు తన దగ్గర ఉంటే నాకు చేశాడు. నా ఫోన్ డబ్బాలో ఉంది. నేను కట్ట మీద ఉన్నాను. ఎడమ పక్క నిండా పారుతున్న కాలువ, అడ్డంగా ఒక్క రాయి కూడా లేదు. లైట్లు వేసినా బారెడు దూరం కనిపించడం లేదు. వెనక బస్సు నిండా పిల్లలు. అల్లరి చెయ్యొద్దంటే ఆ రోజు వాళ్ళు కూడా చెయ్యలేదు.

చివరి ఊరు చేరేసరికి ముసలమ్మ వణుకుతోంది.

"ఫోన్ మోగి ఎంత సేపాయె! చలిల నిలవెట్టినవ్ గద బిడ్డా."

"నేను ఇప్పుడే కొట్టిన అవ్వా. ముందుగాల మోగింది నీ కొడుకేమో. జల్ది ఇంటికి పోయి సూడు."

ఆమె ముఖం ఒక్కసారి మారిపోయింది. పిల్ల సంచి నా చేతిలో పెట్టి, ఆ వయసులో పరుగెత్తింది.

స్కూలు చేరి, ఇంజిన్ ఆపి డబ్బా తెరిస్తే ఫోన్ నిండా మిస్డ్ కాల్సే. గల్ఫ్ నంబరు, ఆఫీసు నంబరు, ఇన్‌చార్జి నంబరు. ముసలమ్మ కొడుకు అప్పటికే స్కూలుకు ఫోన్ చేసి అరిచాడట. నన్ను ఓనరు గదిలోకి పిలిచారు. ఇన్‌చార్జి కూడా ఉన్నాడు. గదిలో ఖాళీ కుర్చీలున్నాయి. కూర్చోమనలేదు.

"పరేషాన్ అయి గల్ఫ్‌కెల్లి చేస్తే ఎత్తవు. ఆఫీస్‌కెల్లి చేస్తే ఎత్తవు. బస్సు కాలువల పడ్డదేమో అనుకున్నం!" అన్నాడు ఓనరు.

"ఎత్తితే పడేది సార్."

"ఎదురు మాట్లాడుతున్నవా?"

"లేదు సార్. చేరిన్నాడే చెప్పిన. ఈ సారు మంచిదే అన్నడు."

ఇన్‌చార్జి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఒక్క మాట చెప్పుండ్రి సార్. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తాల్నా, వద్దా?"

ఓనరు నా వైపు చూశాడు, ఇన్‌చార్జి వైపు చూశాడు. "తాళం చెవి టేబుల్ మీద పెట్టి పో" అన్నాడు. పెట్టాను. నేను అడిగినదానికి జవాబు అది కాదు.

తర్వాత మరో రెండు స్కూళ్ళకు వెళ్ళాను. వాళ్ళు పాత స్కూలును విచారించారు. "ఫోన్ ఎత్తడు" అని ఒక్క ముక్క చెప్పారట. ఎప్పుడు ఎత్తడో చెప్పలేదు. ఇన్నేళ్ళు నడిపి ఒక్క పిల్ల వేలికి గీత పడనివ్వనివాణ్ణి, ఇప్పుడు పిలిచిన రోజు నీళ్ళ ట్యాంకర్ నడుపుతున్నాను. పిలవని రోజు ఇంట్లో ఉంటున్నాను. పొద్దున ఆ స్కూలు బస్సు మా గల్లీ ముందు నుంచే పోతుంది. కొత్త డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోన్ పట్టుకొని పోతున్నాడు. అతన్ని నేనేమీ అనను. ఎత్తమని చెప్పినవాళ్ళనే అంటున్నాను.

ముసలమ్మ కొడుకు ఒక సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. ఇంటి ముందు ఖాళీగా కూర్చున్నాను, ఎత్తాను.

"అన్నా, నా మూలంగనే నీ నౌకరి పోయిందట గద. అవ్వ రోజు తిడుతుంది నన్ను."

"అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. నీ ఫోన్ వస్తలేదని, పిల్లను తోల్కొని ముందుగాలనే పోయి నిలబడుతుందట."

ఆ రోజు పొద్దున ఎక్కడి నుంచి చేశావని అడిగాను. కంపెనీ బస్సులో పనికి పోతూ చేశానన్నాడు.

"మరి ఆ బస్సు డ్రైవర్ ఫోన్ మాట్లాడుతుండెనా?"

"లేదన్నా. ఈడ స్టీరింగ్ మీద ఉండి ఫోన్ ముట్టుకుంటే డ్యూటీకెల్లి తీసేస్తరు" అన్నాడు. తర్వాత తనే, "నేను స్కూలోళ్ళకు చెప్తనన్నా" అన్నాడు. చెప్పాడు కూడా. వాళ్ళు విని పెట్టేశారట.

ఆ తర్వాత నేను కూడా స్కూలుకు చేస్తూనే ఉన్నాను. మొదట్లో ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేసేవారు. ఇప్పుడు నా నంబరు చూసి అసలు ఎత్తడం లేదు. ఓనరు సార్, ఇన్‌చార్జి సార్, మీరు స్టీరింగు ముందు లేరు. మీ పక్కన కాలువ లేదు. కుర్చీలో కూర్చున్నారు. నా నౌకరి నాకు ఇస్తారో ఇవ్వరో తర్వాత సంగతి. ముందు ఆ రోజు అడిగినదానికి చెప్పండి. పిల్లలు నిండిన బస్సును కట్ట మీద నడుపుతున్నవాడు ఫోన్ ఎత్తాలా, వద్దా? ఎత్తాలంటే, ఆ మాట పిల్లల తల్లిదండ్రుల ముందు నిలబడి అనండి. వద్దంటే, నన్నెందుకు తీసేశారో, పక్క స్కూళ్ళకు నా గురించి ఆ సగం మాట ఎందుకు చెప్పారో అదే తల్లిదండ్రుల ముందు చెప్పండి. రేపు పొద్దున ఆఫీసు తెరవగానే మళ్ళీ చేస్తాను. ఎత్తి జవాబు చెప్పండి.