అల్లుడి మీద కేసు

ఆ రోజుల్లో కొత్త అల్లుడంటే తప్పు చేయడం చేతకాని మనిషి. కూర మాడితే పొయ్యి తప్పు, అల్లుడు ఆలస్యంగా వస్తే రైలు తప్పు. ఈ హోదా నాకు బాగానే నచ్చింది, స్టేషన్ ఘన్‌పూర్‌లో అత్తగారింటి ముందు రివర్స్ చేస్తూ మా మామ కారును గుద్దేదాకా. పాపం, అది గోడవారగా బుద్ధిగా నిలబడి ఉంది. రిటైరయ్యాక ఆయన కొనుక్కున్న మొదటి కారు. రోజూ పొద్దున్నే తన తువ్వాలతో తుడిచేవాడు (తర్వాత అదే తువ్వాలతో మొహం తుడుచుకుంటాడని మా అత్తమ్మ ఫిర్యాదు). డ్రైవరు వైపు తలుపు సత్తు గిన్నెలా సొట్టపోయి, ఇక తెరుచుకోనంది. నా కారుకు గీత కూడా పడలేదు. మామ ఉరికొచ్చి, "మీకేం దెబ్బ తాకలె గద అల్లుడూ? నాదే తప్పు, కారు ఈడ పెట్టకపోవాల్సుండె" అన్నాడు. ఆయన చెయ్యి మాత్రం తలుపు మీది సొట్టను తడుముతూనే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇన్సూరెన్సు ఏజెంటుకు ఫోన్ చేశాను. మామ కారుకు ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే ఆ కారు ఎదుటివాళ్లకు చేసిన నష్టానికే తప్ప దాని సొంత సొట్టకు ఏమీ రాదు. "తప్పు మీదని తేలితే మీ ఇన్సూరెన్సు నుంచి ఆయనకు ఇప్పియ్యొచ్చు సార్. గని మీ మామ మీ మీద పోలీస్ కంప్లైంట్ ఇయ్యాలె" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పగానే అత్తమ్మ గరిటె జారవిడిచింది. "పెండ్లయి నెల గాలె, అల్లుని మీద కేసా? నలుగురు ఉమ్మెయ్యరా?" పోనీ నేనే బాగు చేయిస్తానంటే, అల్లుడి సొమ్ము ముట్టడం మహాపాపమన్నారు. ఇక మిగిలిన దారి ఒక్కటే. "మామా, మీకు దండం పెడ్త, జర నా మీద కేసు పెట్టుండ్రి!" అని రెండు రోజులు వెంటపడ్డాను (అల్లుళ్ల చరిత్రలో ఇలా బతిమాలినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను).

చివరికి మామ నాతో పోలీస్ స్టేషన్‌కు వచ్చాడు. ఎస్సై పెన్ను తీసి, ఏం జరిగిందని అడిగాడు.

"మా అల్లుడు బంగారం సార్. నిమ్మళంగనే వస్తాండు. నా కారే అడ్డమొచ్చింది."

"దాన్ని నడుపుతున్నదెవరు?"

"ఎవ్వరు లేరు సార్. నిలబెట్టి ఉండె."

"నిలబెట్టిన కారు అడ్డమెట్లొస్తదయ్యా?"

"తప్పు నాది సార్!" అని నేను అరిచాను.

"పిలగాడు సార్, ఏం తెల్వదు. తప్పు నాదే రాసుకోండ్రి."

ఎస్సై పెన్ను మూసి చేతులు జోడించాడు. "నా సర్వీసుల తప్పు నాది కాదంటె నాది కాదని కొట్లాడెటోళ్లనే చూసిన. ముందుగాల ఇంటికాడ తేల్చుకొని రాండ్రి."

అది తేలలేదు. చాలా ఏళ్లు మామ ఎడమ తలుపులోంచి ఎక్కి, గేరు రాడ్డు దాటి, మూలుగుతూ తన సీట్లోకి జరిగేవాడు. అడిగినవాళ్లకు నడుముకు మంచి వ్యాయామమని చెప్పేవాడు. నేను మాత్రం తల ఎత్తలేకపోయేవాణ్ణి.

మొన్న వెళ్లినప్పుడు ఆయన కొత్తగా పెట్టించుకున్న గేటును గుద్దాను. ఎనభై ఏళ్ల మామ లుంగీ ఎగగట్టుకుని బయటికొచ్చి, "కండ్లు నెత్తికెక్కినయారా? ఎనుక సూసుకోవా? తప్పంత నీదే!" అని వీధి వీధంతా వినేట్టు తిట్టాడు. అత్తమ్మ లోపలినుంచి "ఇంకింత గట్టిగ తిట్టు" అంది. నెత్తి నెరిసిన నేను వంకరపోయిన గేటు పట్టుకుని నిలబడ్డాను. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. మా నాన్న పోయాక అప్పటిదాకా నన్ను 'రా' అని తిట్టిన మనిషి లేడు.