మరిది కోసం వదిలిన చువ్వలు

మొన్న ఎర్రగడ్డ నుంచి మెట్రోలో వస్తూ కిటికీ పక్కన నిలబడ్డాను. రోడ్డు మీద తిరిగినన్నాళ్లూ కనబడని మేడలన్నీ రైలెక్కితే పైనుంచి కనబడతాయి. ఆరేసిన బట్టలు, నీళ్ల ట్యాంకులు, వాటి మధ్య ఇంకా అక్కడక్కడా పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, తుప్పు పట్టకుండా వాటికి బోర్లించిన ప్లాస్టిక్ సీసాలు. ఎప్పటికైనా పైన ఇంకో అంతస్తు వేస్తామని స్తంభాల చువ్వలు కోయకుండా వదిలేసిన ఇళ్లవి. నా ఈడు వాళ్లకి చెప్పనక్కర్లేదు, మనలో చాలామంది అలాంటి ఇళ్లలోనే కాపురాలు చేశాం. హమ్మయ్య, అవేవీ ఇప్పుడు నావి కావు కదా అని నేను వదిలిన నిట్టూర్పుకి పక్కనున్న అమ్మాయి తిరిగి చూసింది.

అమీర్‌పేట సందులో మాకూ ఒక ఇల్లుండేది. కింద మేం, పైన తమ్ముడు అని మా ఆయన పునాదుల నాడే మాటిచ్చి, స్లాబు మీద ఛాతీ ఎత్తున చువ్వలు వదిలించారు. ఆ తమ్ముడు, అంటే మా మరిది, ఎర్రగడ్డలో అద్దెకుండేవాడు. ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ పదిహేనేళ్లు గడిచాయి గానీ పై అంతస్తు లేవలేదు, దానికని కూడబెట్టిందంతా కింది అంతస్తే మింగేసేది. ఓ ఏడు మోటారు కాలిపోతే ఓ ఏడు డ్రైనేజీ పైపు పగిలేది, చెదలు పట్టిన తలుపు మార్పించేలోగా బాత్రూంలో నేల కుంగేది. వీటన్నిటినీ తలదన్నేది స్లాబు. మృగశిర కార్తె వచ్చిందంటే వంటింటి మూల స్తంభం వెంబడి నీళ్లు దిగేవి, నేను పొయ్యి పక్కన గిన్నె పెట్టుకుని తాలింపు వేసుకునేదాన్ని.

ఏటా వానలకు ముందు మా మేస్త్రీ భాయ్ వచ్చి స్లాబు మీద కొత్త పూత పూసేవాడు, పూసి ఏటా ఒకటే మాట చెప్పేవాడు. "సార్, నేను ఎన్నిసార్లు పూసినా ఫాయిదా లేదు. గా రాడ్లు కోసెయ్యుండ్రి, నీళ్లు గాడికెల్లే దిగుతున్నయి. నా మజూరీ పోతే పోనీ." మా ఆయన మాత్రం అవి తన తమ్ముడివనీ, వాటి జోలికి పోవద్దనీ అనేవారు. పైగా వేసవి వేసవికీ మేడెక్కి స్వయంగా ఆ చువ్వలకు ఎర్ర రంగు వేసి, సీసాలు సర్ది వచ్చేవారు. లేని అంతస్తుకి కూడా ఏటేటా మరమ్మతు చేసిన ఇల్లు ఆ వీధిలో మాదొక్కటే అనుకుంటాను.

మేస్త్రీ చెప్పింది నిజమని నాకు తెలుసు. కానీ పెద్ద కోడలు నోరు తెరిచి కోయించమంటే, మరిది వాటా వదినే కోయించిందని చుట్టాలంతా అనుకోరూ? అందుకే నోరు మూసుకుని గిన్నె పెట్టుకున్నాను.

చివరికి ఓ ముసురు రోజున, ఉప్పు డబ్బా కోసం నేను అటు తిరగ్గానే, స్లాబు పెచ్చు ఊడి పొయ్యి మీద పడింది. పాలగిన్నె సొట్టపోయింది. ఒక్క అడుగు ఇటు ఉంటే నా తల అక్కడుండేది. ఆ మధ్యాహ్నమే ఆయనకు చెప్పకుండా బస్సెక్కి ఎర్రగడ్డ వెళ్లి, సిగ్గు విడిచి మరిదితో అంతా చెప్పేశాను.

ఎన్ని మాటలు పడాలో అని నేననుకుంటుంటే, మరిది నేల చూపులు చూస్తూ అన్నాడు, "వదినా, నాకు గా మేడ వద్దు. ఎప్పటిసంది చెప్పాలనుకుంటున్న. మీ ఇంటికి ఎప్పుడొచ్చినా ఏదో ఒక రిపేరే నడుస్తుంటది, చూసి చూసి నాకు ఇల్లంటేనే భయమైంది. అన్న ఏమనుకుంటడో అని నోరు రాలె." అద్దింట్లో నల్లా పాడైతే ఓనరుకు చెప్పి హాయిగా పడుకుంటాడట. నవ్వబోయి ఏడ్చేశాను.

సాయంత్రం ఆయనకు చెబితే ఒకటే అడిగారు, తమ్ముడు ఆ మాట నవ్వుతూ చెప్పాడా, బాధపడుతూ చెప్పాడా అని. నవ్వుతూనే చెప్పాడన్నాను. అప్పుడు బయటపడ్డారు. మాట నిలబెట్టుకోలేదన్న సిగ్గుతో తమ్ముడు వచ్చిన ప్రతిసారీ మొహం చూడలేకపోయేవారట. మర్నాడు తనే వెళ్లి మేస్త్రీని పిలుచుకొచ్చారు. చువ్వలు కోస్తుంటే అన్నదమ్ములిద్దరూ మేడ మీద పక్కపక్కన నిలబడ్డారు. ఎక్కితే వాటా కొలుచుకుంటున్నాడని అనుకుంటామేమోనని మరిది అన్నేళ్లలో ఒక్కసారీ మా మేడ ఎక్కలేదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత పడ్డ వానకు వంటిల్లు తడవలేదు. నేను కంటినిండా నిద్రపోయాను.

తర్వాత ఆ ఇల్లు వదిలి వచ్చేశాం, ఇప్పుడు పంజాగుట్టలో ఫ్లాటు. ఎక్కడ కారినా అసోసియేషన్ వాళ్లకి ఫోన్ చేస్తే చాలు, ప్రాణానికి సుఖంగా ఉంది. మా పిల్లలిద్దరూ తమకేం కావాలో, ఏం వద్దో మొహం మీదే చెప్పుకుంటారు, పది నిమిషాల్లో తేలిపోతుంది. మంచిదే, మాలాగా పదిహేను వానాకాలాలు తడవరు. కానీ అన్న నొచ్చుకుంటాడని తమ్ముడూ, తమ్ముడు నొచ్చుకుంటాడని అన్నా అన్నేళ్లు నోరు మెదపలేదే, ఆ మొహమాటం వాళ్లకి ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలియడం లేదు.