జేబు లేని నల్ల అంగీ

తడి నల్లగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెడితే వచ్చే వాసన వేరు. తెల్లగుడ్డ గంజి వాసన వేస్తుంది. నల్లగుడ్డ వేడి తగలగానే రంగు వాసన వదులుతుంది, కొంచెం తుప్పు వాసనలా ఉంటుంది. మొన్న వికారాబాద్‌లో నా దుకాణంలో ఆ వాసన తగిలేసరికి చెయ్యి కాసేపు ఆగింది. ఎదురుగా ఒక కాలేజీ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. ఏదో పత్రికలోని ఫొటో చూపించి, అచ్చం అలాంటిదే కుట్టమని గుడ్డ ఇచ్చింది అతనే. ఫొటోలో ఉన్నది కాలరు లేని నల్ల చొక్కా. జేబు లేదు. అంచులు మడవలేదు, పోగులు వేలాడుతున్నాయి. “మస్తు కొత్త ఫ్యాషన్ కాకా, పట్నంల గిప్పుడే దిగింది,” అన్నాడు.

అతను పలక పట్టుకున్న వయసులోనే ఆ చొక్కా ఈ ఊరి స్టేషన్ రోడ్డు మీద తిరిగింది. దాన్ని ఫ్యాషన్ చేసింది నేను. తాండూరులో మాత్రం అది నా గురువు అబ్బాస్ మాస్టర్ చేసిన పని అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్లకు కూడా జరిగింది జరిగినట్టు తెలియాలని ఇది రాస్తున్నాను.

మా ఊరు దోమ నుంచి తాండూరు వచ్చి ఆయన దగ్గర పనిలో చేరింది 1969లో. అప్పటికే మిషన్ తొక్కడం వచ్చు, కత్తెర పట్టడం రాదు. అబ్బాస్ మాస్టర్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క. కొలతలు తీసుకునే ముందు ప్రతి మనిషినీ నవ్వించేవారు. ఒకసారి కందుల వ్యాపారం చేసే సేటు ఒకాయన కోటుకు కొలతలివ్వడానికి వచ్చి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. మాస్టర్ టేపు పట్టుకుని ఊరికే చూస్తున్నారు.

“ఏంది మాస్టర్, తీస్కో కొలత!”

“జర ఆగున్రి సేటూ. మీ అసలు కడుపు ఇంకా దుకాణంలకు రాలే. అది వచ్చినంక తీస్కుంట.”

సేటు పకపకా నవ్వాడు, పొట్ట తన చోటికి వచ్చింది. మాస్టర్ చటుక్కున టేపు చుట్టేశారు. తర్వాత నాతో, “ఊపిరి బిగబట్టిన మనిషికి కుడితే, ఇంటికి పోంగనే గుండీ ఎగుర్తది నర్సిములూ,” అన్నారు. నాకు ఈ పని ఇలాగే వచ్చింది. ఆయన కూర్చోబెట్టి ఏదీ నేర్పలేదు.

మొహర్రం దగ్గర పడితే దుకాణం రూపు మారేది. ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు ఆ రోజుల్లో, ప్రవక్త మనవడు యుద్ధంలో చనిపోయిన దుఃఖంతో, నల్లబట్టలు వేసుకుని శోకం పాటించేవారు. మాస్టర్‌ది కూడా అలాంటి ఇల్లే. ఆ ఇళ్ల గుడ్డంతా ఆయన దగ్గరికే వచ్చేది. అది వచ్చే ముందు బల్ల కడిగేవారు, మిగతా పనులన్నీ అటక మీదికి ఎక్కించేవారు. ఆ బట్టలకు కుట్టుకూలి తీసుకునేవారు కాదు. మొదటి ఏడాది అవి చూసి నేను నవ్వాను.

“మాస్టర్, జేబు మర్చిపోయిండ్రు.”

“మర్వలే. మా వాళ్లు చచ్చిపోయిన దినాలు గవి. అప్పుడు జేబుల ఏం పెట్టుకుంటరు చెప్పు?”

“అంచు సుత మడవలే. పోగులు ఊడ్తయి గద?”

“ఊడనీ. ఏడ్సేటోడు నీటుగ కనపడాల్నా బేటా?”

ఆ మాట విన్నాను కానీ నాలోపలికి వెళ్లలేదు. అదే మొహర్రానికి దోమలో మేము చేసిన పీర్ల పండుగలో ఏడుపు లేదు. నిప్పుల గుండం చుట్టూ ఎగరడం, డప్పులు, చేతిలో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద. మా అమ్మ పీరుకు మొక్కి కొబ్బరికాయ కొట్టేది. మా ఊరంతటికీ అది పండుగే. అందుకని మాస్టర్ కుట్టే నల్ల అంగీ కూడా నా కంటికి పండుగ బట్టలాగే కనిపించింది, అందంగా కనిపించింది. మూడో ఏడు ఆ గుడ్డ మీద కత్తెర నా చేతికే ఇచ్చారు. అది ఎంత పెద్ద నమ్మకమో కూడా నాకు తెలియలేదు.

కొన్నేళ్లకు వికారాబాద్‌లో సొంత దుకాణం పెట్టాను. మాస్టర్ రైల్లో వచ్చి, తన రెండో కత్తెర నా బల్ల మీద పెట్టి వెళ్లారు. మొదట్లో గిరాకీ రాలేదు. ఒకరోజు మిగిలిపోయిన నల్లగుడ్డతో నాకోసం ఆ అంగీ కుట్టుకున్నాను. కాలరు లేదు, జేబు లేదు, అంచు మడవలేదు. కింద బెల్‌బాటమ్ ప్యాంటు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు చుట్టుముట్టారు.

“ఏడి మోడల్ అన్నా ఇది?”

“తాండూర్ అబ్బాస్ మాస్టర్ మోడల్,” అన్నాను గొప్పగా. గురువు పేరు చెప్పుకోవడం తప్పని ఎవరనుకుంటారు? ఆ పేరుతోనే నా దుకాణం నిలబడింది. కాలేజీ పిల్లలు, రైల్వే వాళ్ల పిల్లలు, చివరికి పెళ్లికొడుకుల తమ్ముళ్లు కూడా అదే కావాలన్నారు.

మరుసటి మొహర్రానికి ఆ కుర్రాళ్లు కొందరు పీర్లు చూడటానికి తాండూరు వెళ్లారు. ఒంటి మీద నా చొక్కాలు, కళ్లకు నల్లద్దాలు. నల్లబట్టల్లో గుండెలు బాదుకుంటూ వెళుతున్న వాళ్ల మధ్యలోకి దూరి, ఈలలు వేస్తూ ఎగిరారు. వాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్ల వాళ్ల ఊళ్లలో ఎగిరినట్టే ఎగిరారు. అంచులు ఊడిన నల్ల అంగీలు ఇటూ అవే, అటూ అవే. శోకం పాటించే ఆ ఇళ్ల పెద్దాయన ఒక కుర్రవాణ్ని పట్టుకుని, ఈ అంగీ ఎక్కడిదని అడిగాడట. “అబ్బాస్ మాస్టర్ మోడల్” అన్నాడట వాడు. తిరిగొచ్చాక వాడు నవ్వుతూ ఈ సంగతి నాకు చెప్పాడు.

వెంటనే తాండూరు వెళ్లాను. మాస్టర్ ఒక బడిపిల్లవాడి నిక్కరు కుడుతున్నారు. తలెత్తలేదు.

“జేబు పెట్టినవా?”

“లేదు మాస్టర్.”

“అంచన్న మడిచినవా?”

“లేదు. గదే గద వాళ్లకు నచ్చింది.”

మిషన్ ఆపారు. “నలుపు ఎవ్వని జాగీరు కాదు నర్సిములూ. ఎవలైన తొడుగుతరు. ఒక్క జేబు పెట్టకపోతివి. జేబు పెడితే అది మామూలు అంగీ అయితుండె. వాండ్లదే వాండ్లు తొడుగుతుండిరి, మాది మాకు ఉంటుండె.”

“నేను పోయి పెద్దాయనకు చెప్త. తప్పు నాదని చెప్త.”

“వద్దు. కొత్తగ దుకాణం పెట్టుకున్నవ్. చెప్పింది నా పేరే గద, నా మీదనే ఉండనీ. ఇద్దరం ఎందుకు ఆగం కావాలె?”

ఆయన వద్దన్నారు, నేను విన్నాను. అంత సులువుగా ఆయన మాట నేను మరెప్పుడూ వినలేదు.

తర్వాతి మొహర్రం ముందు ఆయన్ను చూడటానికి వెళ్లాను. బల్ల కడిగి ఉంది. పనులన్నీ అటక మీద ఉన్నాయి. మిషన్‌కు నూనె వేసి ఉంది. మాస్టర్ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

“ఇంకా రాలే,” అన్నారు, రైలు గురించి చెప్పినట్టు.

గుడ్డ రాలేదు. ఆ ఏడే కాదు, ఆ తర్వాతా రాలేదు. ఆ ఇళ్లవాళ్లు పట్నంలో కుట్టించుకుంటున్నారని తెలిసింది. అయినా ప్రతి ఏడూ ఆయన బల్ల కడిగేవారని ఆయన భార్య చెప్పింది. ఎనభైల మొదట్లో ఆయన పోయారు. మట్టి ఇచ్చి వస్తుంటే పెద్దాయన నా పక్కనే నడుస్తూ, “చెయ్యి మంచిదే. కాని మా దుఃఖాన్ని బజార్ల పెట్టిండు,” అన్నాడు. అప్పుడు నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. వద్దన్న మనిషి మట్టిలో ఉన్నాడు. నేను తల దించుకుని నడిచాను. చొక్కా విషయంలో నాది తెలియనితనం అనుకోవచ్చు. ఆ నడకకు ఆ పేరు పెట్టలేను.

ఆ పెద్దాయన కూడా ఇప్పుడు లేడు. ఆ ఇళ్లలో ఎవరైనా ఇది చదివితే వాళ్లకు చెప్పవలసింది ఇదీ: అబ్బాస్ మాస్టర్ మీ అంగీ ఒక్కటి కూడా బయటివాళ్లకు కుట్టలేదు. కుట్టింది నేను, దోమ నర్సింహులు.

కుర్రవాడి చొక్కా నిన్న పూర్తయింది. ఎడమవైపు జేబు వేశాను, అంచు మడిచాను. వాడు ఫొటో తీసి పక్కన పెట్టి చూశాడు.

“గీ జేబు ఫొటోల లేదు కాకా.”

“నా దగ్గర నల్లంగీకి జేబు ఉంటది బిడ్డా. వద్దంటే గుడ్డ పైసలు ఇచ్చేస్త.”

గొణుక్కుంటూ తొడుక్కున్నాడు. అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాడు. ప్యాంటు వెనక జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం ఆలోచించి, ఆ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.