నూరంటే నూట అయిదు

ఆ రోజుల్లో మా ములకలపల్లి వైపు ఎవరి వయసూ ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. "వాగు పొంగి బాట కొట్టుకపోయిన యేడు పుట్టిన" అనేవాళ్లు కొందరు, "మా పెద్దెద్దు సచ్చిన ఎండకాలం" అనేవాళ్లు ఇంకొందరు. నాకు మాత్రం నా వయసు నెలలతో సహా తెలుసు. అప్పటికి ముప్పై మూడేళ్ల నాలుగు నెలలు. ఇది నా తెలివి అనుకునేరు, కాదు. నర్సు ట్రైనింగుకు ముప్పై అయిదు దాటితే తీసుకోరు, పదో తరగతి పాసు కాకపోతే అసలే తీసుకోరు. నేను పదిలో అన్నీ పాసయి ఒక్క లెక్కల్లో తప్పి, పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, సబ్‌సెంటర్లో ఆయాగా చేరి, ఆ లెక్కల సంగతి మరిచిపోయినట్టు నటిస్తూ బతుకుతున్నదాన్ని. (నటన బాగానే చేసేదాన్ని. మా ఆయన నమ్మాడు.)

మా సబ్‌సెంటర్లో ఒక నర్సు ఉండేది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. ఆమె తెల్లచీర కట్టుకుని ముందు నడిస్తే, ఆమె మందుల సంచి నెత్తిన పెట్టుకుని నేను వెనక నడిచేదాన్ని. అడవి పల్లెల మాట నాకు వచ్చు, ఆమెకు రాదు. కాబట్టి ఆడవాళ్ల కష్టం ముందు నా చెవిన పడి, తర్వాతే ఆమెకు చేరేది. అయినా సంచి మోయడం నా వంతు, తెరవడం ఆమె వంతు. ఒక వానాకాలం సిస్టరమ్మ సెలవులో ఉండగా, నెలలు నిండిన పిల్లను ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. ఆ పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుని, "నువ్వే చూడరాదా అక్కా, రోజూ చూస్తనే ఉంటివి గద" అంది. "నేను ఆయానమ్మా" అని, అదే బండిని పెద్ద దవాఖానాకు తోలించాను. తల్లీబిడ్డా క్షేమంగానే తిరిగొచ్చారు. నాకు మాత్రం నేనన్న ఆ మాట సంచి నెత్తికెత్తుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. ఆ సంచి నాది కావాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. నా పెళ్లి చీర మీద కూడా అంత ఆశ పడలేదు.

ఆ వారమే మా ఆయనతో చెప్పాను, లెక్కల పరీక్ష మళ్లీ రాస్తానని. ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు. "పిలగాండ్లు రాసే పరీక్ష నువ్వేంది రాసేది? నవ్వుతరే" అన్నాడు. "నవ్వనీ" అన్నాను. "అవ్, నవ్వితే నవ్వనీ" అని మళ్లీ కలుపుకున్నాడు. మా ఇంట్లో పెద్ద పెద్ద విషయాలన్నీ ఇలాగే తేలిపోయేవి.

చెప్పేవాళ్లు కావాలి కదా. మండలం దవాఖానాలో కాంపౌండర్ సారు ఉండేవాడు. సన్నటి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. మందులు పంచడం అయిపోయాక, మధ్యాహ్నం పూట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి నాకు లెక్కలు చెప్పేవాడు. త్రిభుజాలు మందు పొట్లాం మడిచి చూపించేవాడు. x అంటే ఏమిటని అడిగితే, "చీటీ ఊడిపోయిన సీసా అనుకో, లోపల ఏముందో కనుక్కోవాలె" అనేవాడు. నాకు అన్నీ ఎంతో కొంత ఎక్కుతున్నాయి గానీ, శాతాలు మాత్రం ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. రెండు వందల మందిలో నలభై శాతం ఎంత అంటే ఎనభై నాలుగు అనేదాన్ని. మూడు వందల్లో అరవై శాతం అంటే నూట ఎనభై తొమ్మిది. వారం రోజులు సారు నా నోటు పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఆఖరికి పెన్సిలు చెవి మీద నుంచి తీసి, "నీ తప్పులు గూడ ఒక పద్ధతిల ఉన్నయమ్మా. ఒక్కటి చెప్పు. నూరంటే ఎంత?" అన్నాడు.

"నూట అయిదు సారూ" అన్నాను. ఇదేం ప్రశ్న అనుకున్నాను కూడా.

సారు నోటు పుస్తకం మూసేశాడు. "ఎవరు చెప్పిన్రు?" అన్నాడు. "మా అమ్మ" అన్నాను. మా అమ్మ ఎండాకాలం వస్తే బీడీలు చుట్టే తునికాకు కోసేది. తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెచ్చి, ఇంటి ముందు కూర్చుని యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో కట్టేది. నాకు అంకెలు వచ్చింది ఆ కట్టల మీదే, బడిలో కాదు. సాయంత్రం కల్లం దగ్గర ఆకు కొనే కల్లేదారుకు నూరు కట్టలు అప్పజెప్పాలంటే నూట అయిదు పెట్టాలి. ఆ అయిదు కొసరు. ఎండిపోయినవి, చిరిగినవి ఉంటాయని తీసుకునేవాడు. లేకపోయినా తీసుకునేవాడు. నేను పుట్టక ముందు నుంచీ అంతే కాబట్టి, లోకమంతా నూరంటే అంతేననుకున్నాను. నలభై మీద రెండు, అరవై మీద మూడు కొసరు వెయ్యకుండా లెక్క ఎట్లా తెగుతుంది? (బడిలో లెక్కలు తప్పింది ఇందుకేనని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. అల్జీబ్రా పాత్ర గురించి చెప్పను.)

కాంపౌండర్ సారు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మీ అమ్మ ఎన్నేండ్లు కోసింది ఆకు?" అని అడిగాడు. "సచ్చిపోయే యేడు దాక కోసింది సారూ" అన్నాను. సారు పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుని, "పరీక్షల కల్లేదారు ఉండడమ్మా. ఆడ నూరంటే నూరే" అన్నాడు. ఎందుకో నాకు ఏడుపొచ్చింది. ఆ మాట వినడానికి మా అమ్మ ఉంటే బాగుండుననిపించింది.

పరీక్ష ఖమ్మంలో పడింది. మిర్చి యార్డుకు దగ్గర్లోనే బడి. అది మిర్చి దిగే కాలం. నేను మంచి చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఎవరొచ్చారా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేను పోయి మూడో బెంచీలో ఇరుక్కుని కూర్చునేదాకా పాపం వాళ్లు నిలబడే ఉన్నారు. పేపరు ఇచ్చాక గాలి మిర్చి యార్డు వైపు నుంచి మళ్లింది. గదిలో ఒకరు తుమ్మితే వరసపెట్టి అందరం తుమ్మాం. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ చూద్దును కదా, శాతాల లెక్క వచ్చింది. నా చెయ్యి దానంతటదే కొసరు కలిపేసింది. ఇంకో లెక్కకు పోయాక గుర్తొచ్చి, వెనక్కి వచ్చి కొట్టేశాను. కొట్టేస్తుంటే మాత్రం ఎవరికో ఇవ్వాల్సింది ఎగ్గొడుతున్నట్టు భయం వేసింది.

ఫలితాలు వచ్చిన రోజు పేపరు పట్టుకుని కాంపౌండర్ సారే మా సబ్‌సెంటరుకు వచ్చాడు. నంబరు ఉంది. తర్వాత మార్కుల కాగితం వస్తే లెక్కల్లో సరిగ్గా ముప్పై అయిదు. సారు దాన్ని ఎండకు పెట్టి చూసి, "ఒక్కటి గూడ కొసరు ఎయ్యలే సూడు నీకు" అన్నాడు. వయసుకు ఇంకా ఏడాది మిగిలి ఉండగానే ట్రైనింగులో సీటు వచ్చింది.

ట్రైనింగు అయ్యాక అదృష్టం కొద్దీ మా అడవి పల్లెలకే వేశారు. సంచి నాది. తెల్లచీర నాది. (మొదటి వారం సంచిని అలవాటుగా నెత్తిన పెట్టుకున్నాను. మా కొత్త ఆయా ఏం చేయాలో తెలియక ఉత్తచేతులతో వెనక నడిచింది.) కడుపుతో ఉన్నవాళ్లకు రక్తం పట్టడానికి ఎర్ర గోళీలు ఇచ్చేవాళ్లం, మనిషికి నూరు, రోజుకొకటి. మొదటి రోజు ఒక పిల్లకు కాగితంలో లెక్కపెట్టి పోస్తున్నాను. ఆ పిల్ల వేళ్లకు తునికాకు కట్టిన నార కోతలు ఉన్నాయి. నూరు అయింది. నా చెయ్యి ఆగలేదు. నూట ఒకటి, నూట రెండు, అలా నూట అయిదు దాకా పోయింది. చూసుకున్నాను. వెనక్కి తియ్యబుద్ధి కాలేదు. మా అమ్మ ఇచ్చుకుంటూ పోయినవి ఎవరో ఒకరికి తిరిగి రావాలి కదా అనిపించింది. పొట్లం కట్టి, "రోజుకొకటే మింగు చెల్లె, అయిదు ఎక్కువొచ్చినయని రెండు రెండు మింగకు" అని ఇచ్చాను. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ అంతే.

నెల తిరిగేసరికి గోళీలు తక్కువ పడ్డాయి. డబ్బా పట్టుకుని కాంపౌండర్ సారు దగ్గరికి పోయాను. సారు డబ్బా ఊపి చూసి, నన్ను చూసి, "నూరంటే ఎంతమ్మా?" అన్నాడు. తల వంచుకుని, "నూట అయిదు సారూ" అన్నాను. సారు పెద్ద డబ్బా కిందికి దింపాడు. లెక్క ప్రకారం గోళీలు పోసి, మూత పెట్టబోయి ఆగి, ఇంకో గుప్పెడు వేశాడు. ఆ దవాఖానాలో ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా ఆ గుప్పెడు వేస్తూనే ఉన్నాడు.

సారు పోయి చాలా ఏళ్లయింది. నేనూ రిటైరయ్యాను. ఇప్పుడు నా బీపీ గోళీలు నేనే లెక్కపెట్టుకుంటాను. నెలకు ముప్పై చాలు. మందుల దుకాణంలో నా చెయ్యి మాత్రం కొసరు ఇంకో రెండు కావాలని చాచే ఉంటుంది. ఇంత వయసొచ్చినా లెక్కలు రాలేదే నీకు అని నవ్వుకుంటాను. ఎవరైనా ఒక్కసారి ఎదురుగా నిలబడి, నూరంటే ఎంతమ్మా అని అడిగితే బాగుండు. జవాబు నా దగ్గర తయారుగానే ఉంది.