చెంగల్రాయుడు మామ లారీలో లొటలొట

2022లో, ఆడికృత్తిక పండగకి సామి మొక్కు కావళ్ళు ఎత్తినోళ్ళంతా తిరుత్తణి కొండ దిగిపోయి, రోడ్డు మళ్ళా లారీల చేతికొచ్చిన వారం అది. తిరుత్తణి నించి తిరువళ్ళూరు పోయే దారిలో, కనకమ్మ సత్రం దాటినాక నా షెడ్డు. షెడ్డంటే నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకు, కింద నేను. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పొసగక బడి వదిలేసినాను. అప్పటినించీ నా చదువంతా లారీల కిందనే. పడుకోని చదివే చదువు గాబట్టి బాగా వంటబట్టింది.

చెంగల్రాయుడు మామది మా పక్క ఊరు. చెరుకు పండించే కుటుంబం, దానికి తోడు ఒకే ఒక లారీ. పాత ఇంజిన్ చచ్చిపోతే మద్రాసు నించి రీకండిషన్ ఇంజిన్ తెచ్చినాడు. అంటే వాడేసిన ఇంజిన్‌నే పూర్తిగా విప్పి, అరిగిన సామానంతా మార్చి మళ్ళా బిగించింది. అడుగున ఆయిలుండే తొట్టిని సంపు అంటాము. ఆ సంపు బోల్టుల మీద ఎర్ర రంగు సీలు పూసి పంపినారు. సీలు చెదిరిందంటే గ్యారంటీ పోయినట్టే. ఆదివారం నేనే ఎక్కించి బిగించినాను. మామ ఇంటిల్లిపాదీ వచ్చి షెడ్డులోనే పూజ చేసినారు, అందరమూ పొంగలి తిన్నాము. బండి పిల్లిమాదిరి రోడ్డెక్కి పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చింది. డ్రైవరు ఏళుమలై ముందు దిగి, "సత్తం వరుదు అణ్ణా" అన్నాడు, శబ్దం వస్తా ఉందని. వెనకాలే మామ దిగినాడు. ఆ వెనక, ఎన్నడూ లారీ ఎక్కని మామ వాళ్ళమ్మ మునెమ్మవ్వ. ఆమె ఎందుకొచ్చిందో మామకే తెలీదు, వద్దన్నా ఎక్కి కూర్చునిందంట. నేను చెవి పెట్టి విన్నాను. శబ్దం లేదు. మెకానిక్‌ను చూస్తే బండికి జబ్బు మాయమైపోతుంది, ఇది మా వృత్తిలో పాత రోగమే.

అలాంటప్పుడు నేను మనుషుల చేత నోటితో శబ్దం చేయిస్తాను. మామ "కణ్ కణ్" అన్నాడు. ఏళుమలై "లొట లొట, గిర్ర్" అన్నాడు. "ఇద్దరూ ఒకే లారీలో వచ్చినారా, లేదంటే తలా ఒకటా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అవ్వను అడిగితే తల అటు తిప్పుకునింది.

నవ్వకపోవడానికి కారణముంది. సోమవారం పొద్దునకి బండి కాట్టుపల్లి రేవు గేటు ముందర నిలబడాల. నిలబడితే ఏడాది పొడుగునా పని. లేదంటే ఆ పని వరసలో వెనకున్న బండికి పోతుంది, అట్లయితే లారీ అమ్మేస్తానని మామ ఇంట్లో చెప్పేసినాడు. పదకొండేళ్ళుగా ఆ స్టీరింగు పట్టుకున్న ఏళుమలై ఆ మాట విన్నప్పటినించీ సరిగ్గా తిననేలేదు.

ఇంజిన్‌ను పది నిమిషాలు ఊరికే తిరగనిచ్చినాను. అప్పుడొచ్చింది. లొట... లొటలొట... గిర్ర్. యాక్సిలరేటరు తొక్కితే పోతుంది, వదిలితే వస్తుంది. నా దగ్గర అడుగున్నర స్క్రూడ్రైవరు ఒకటుంది. దాని మొన ఇంజిన్‌కి ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకుంటే అదే మాకు డాక్టరు గొట్టం. ముందర పెట్టినాను, సుబ్బరంగా ఉంది. పంపు దగ్గర సుబ్బరం. వెనక్కి పోయేకొద్దీ శబ్దం పెరిగింది.

ఇంజిన్ వెనకాల ఫ్లైవీల్ అని బరువైన ఇనప చక్రం తిరుగుతుంది. దాని చుట్టూ గుల్లడబ్బా లాంటిది బెల్ హౌసింగ్. శబ్దం అక్కడ. అక్కడ శబ్దమంటే మొదట భయపడాల్సింది ఇంజిన్ చివరి బేరింగు గురించి. అది పోయుంటే సీలు పగలగొట్టి ఇంజిన్ విప్పాల్సిందే. బిగించింది నేను. నా చేతిలోనే ఏమన్నా తప్పు జరిగిందా అని ఆదివారం బిగించిన బోల్టులన్నీ ఒక్కొక్కటే మనసులో లెక్కపెట్టుకున్నాను. నేను జోకు వెయ్యకపోయేసరికి ఏళుమలైకి అసలు భయం పట్టుకునింది.

మామ మద్రాసుకు ఫోన్ చేసినాడు. వాళ్ళ మనిషి వచ్చి చూడటానికి పది దినాలు పడుతుందని, అంతలోపల సీలు ముట్టుకుంటే తమకు సంబంధం లేదని చెప్పినారు. మామ ఫోన్ జేబులో పెట్టుకోని, "విప్పెయ్‌రా. పోయేది ఎట్లా పోతుందో చూస్తాం" అన్నాడు.

టీ వచ్చినాక విప్పుతానని చెప్పి, అంతలోపల లారీ కిందకి దూరినాను. నిజానికి టీ కోసం కాదు, ధైర్యం కోసం. బెల్ హౌసింగ్ అడుగున నీళ్ళు కారిపోవడానికి చిటికెనవేలంత కన్నం ఉంటుంది. అందులోనించి ఒక దారప్పోగు వేలాడతా ఉంది. పసుపు రంగు. లాగితే ఇంకొంచెం వచ్చింది, దాంతోపాటు చిన్న గుడ్డపీలిక. నా షెడ్డులో చేతులు తుడుచుకునేవన్నీ పాత బనీన్లు. అవి నల్లగా ఉంటాయి గానీ పసుపు వాసన కొట్టవు.

కింద పడుకోనే చూస్తే అందరి కాళ్ళూ కనపడతా ఉన్నాయి. బల్ల మీద కూర్చున్న అవ్వది మాత్రం మొహం కూడా కనపడింది, వంగి నా చేతిలోని గుడ్డపీలికనే చూస్తా ఉంది. బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, పసుపుగుడ్డలో ఏం మూట కట్టినావు?"

ఆమె నా చేతిలోని గుడ్డపీలికను తీసుకునింది. తరవాత మెల్లిగా, "కొండ మీద కొన్న చిన్న ఇత్తడి వేలు నాయనా, సామి చేతిలో ఉంటుందే, ఆ ఈటె. ఇంత నవధాన్యాలు" అనింది. "ఇంటికి వాకిలి నిలబెట్టేటప్పుడు కింద మూట పెడతాం గదా. బండికి ఇంజినే గదా వాకిలి. మీరంతా పొంగలి తింటా ఉంటే చూసినాను. సందు కనపడె, వేసినాను. సామికి ఏం కోపమొచ్చిందో, ఐదు దినాలకే ఇట్లా అరస్తా ఉంది."

బెల్ హౌసింగ్ కింద రేకుకు ఆరు బోల్టులు. సీలుకూ దానికీ సంబంధం లేదు. రేకు దించితే ముందు పిండి రాలింది. ఉలవలూ పెసలూ అన్నిటినీ ఫ్లైవీల్ తిరగలిమాదిరి విసిరేసింది. ఆ వెనక వేలు పడింది, వంగి కొడవలి అయిపోయి. గుడ్డ చిరిగిందాకా మూట మెత్తగా దొర్లింది గాబట్టి ఐదు దినాలు శబ్దం లేదు. వేగం పెంచినప్పుడు వేలు అంచుకు అతుక్కుపోయేది, తగ్గిస్తే జారి కిందపడి లొటలొటలాడేది. చక్రం పళ్ళన్నీ తడిమి చూసినాను. ఒక్కటీ విరగలేదు.

మామ మొహంలోకి మళ్ళా కళ వచ్చింది, దాని వెనకాలే కోపమూ వచ్చింది. వాళ్ళమ్మ మీదికి తిరిగి, "బుద్ధుండాల్నా నీకు? లారీ అమ్ముకునేవాణ్ణే..." అని మొదలుపెట్టినాడు. అవ్వ తల వంచుకునింది.

నేను ఊరికే ఉండుంటే ఆ కథ అక్కడికి తీరిపోయుండేది, నా పేరుకు ఏమీ అయ్యుండదు. నోరు ఊరుకోలేదు.

"మామా, సందు నాది."

టైమింగ్ గుర్తు, అంటే డీజిల్ ఏ క్షణంలో చిమ్మాలో సరిచూసుకునే గుర్తు, ఫ్లైవీల్ మీద ఉంటుంది. దాన్ని చూడటానికి హౌసింగ్ పక్కన ఒక కంత. ఆ కంతకు రబ్బరు మూత. ఆదివారం అది తీసి గుర్తు చూసినాను, అంతలో పొంగలికి పిలిచినారు. వచ్చి మూత పెట్టాలనుకున్నాను, నెయ్యి దండిగా వేసినారు, మర్చిపోయినాను. లోపలికి పోయి నట్ల డబ్బా వెతికితే మూత దాంట్లోనే ఉంది. తెచ్చి మామ అరచేతిలో పెట్టినాను.

మామ మూతను చూసినాడు, నన్ను చూసినాడు, వాళ్ళమ్మను చూసినాడు. "ఇద్దరూ దొరికినారు గదా నాకు" అని నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక స్తంభం పట్టుకున్నాడు.

రేకు ఎక్కించి, మూత నొక్కి, స్టార్ట్ చేసినాము. అరగంట ఊరికే తిరగనిచ్చినాము. పిల్లే. ఏళుమలై నేరుగా పోయి టీ కొట్టులో నాలుగు బన్నులు తినేసినాడు. అవ్వ వంగిన వేలును కొంగుతో తుడస్తా, "సామికి కోపం లేదంటావా?" అనింది.

"లేదవ్వా. ఐదు దినాలు గిరగిరా తిప్పితే ఎవరైనా అరస్తారు" అన్నాను.

సోమవారం పొద్దున కాట్టుపల్లి నించి ఏళుమలై ఫోన్ చేసినాడు. హలో అనలేదు, ఏమీ అనలేదు. ఫోన్‌ను ఇంజిన్ దగ్గర పెట్టినాడు. నేను స్క్రూడ్రైవరు లేకుండానే విన్నాను. ఒక నిమిషం విని, "తెరిచినారా గేటు?" అంటే, "లోపలే ఉండాను అణ్ణా" అన్నాడు.

అంతవరకూ కొత్త శబ్దమొచ్చిన బండి వస్తే శబ్దం ఎప్పుడొస్తుంది, యాడ వస్తుంది అనే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి ఎవరెవరు వచ్చినారు అని కూడా అడుగుతాను, నన్నూ లెక్కలో వేసుకోని. ఇంజిన్ బిగించినాక పొంగలికి ఎవరు పిలిచినా పోను. ముందు ఆ ఇంట్లో పెద్దామెను దగ్గరికి పిలుస్తాను. "అవ్వా, వేసేదేమన్నా ఉంటే స్టీరింగు ముందర పెట్టు. ఇది మూసేస్తా ఉండాను" అని చెప్పి, ఆమె చూస్తా ఉండగా బొటనవేలితో మూత నొక్కుతాను.