నీళ్లు పోయలేదనే సంతకం

నర్సరీలో ఆమెను బ్లేడు పిన్ని అంటారు. పాతికేళ్లుగా ఆమె పని ఒక్కటే: మొక్కను గుంతలో దించే ముందు, దాని వేళ్లను పట్టి ఉంచిన నల్ల ప్లాస్టిక్ సంచిని అడుగు నుంచి పై వరకు కోసి, మట్టిగడ్డ చెదరకుండా లాగేయడం. సగం విరిచిన బ్లేడుకు ఒక అంచున గుడ్డ పేలిక చుట్టి పట్టుకొనేది. కొత్త కూలీ ఎవడైనా బద్ధకించి సంచితోనే మొక్కను పాతబోతే ఊరుకునేది కాదు.

“నీ మూడేళ్లప్పటి చొక్కా ఒంటిమీదే ఉంచి కుట్టేస్తే ఎట్లా ఉంటుందిరా? విప్పు ముందు!”

అటువంటి మనిషి చేత బ్లేడు కింద పెట్టించింది ఒక కాగితం.

తెచ్చినవాడు సంచుల కంపెనీ ప్రతినిధి. జేబు మీద ఇత్తడి ఆకు బిళ్ల పెట్టుకొని వచ్చాడు గనుక కూలీలు అతనికి ఆకు బాబు అని పేరు పెట్టారు. అతడు తెచ్చిన లేతాకుపచ్చ సంచుల మీద ‘మట్టిలో కలిసిపోయే సంచి’ అని అరచేయంత అక్షరాలున్నాయి. ప్లాస్టిక్ అన్న మాట ఎక్కడా లేదు.

“ఇక కోసే పని లేదు పిన్నీ. అలాగే పాతేయండి. మూడు నెలల్లో మట్టయిపోతుంది.”

“ఎవరు చూశారు బాబూ?”

“సర్టిఫికెట్ ఉందిగా!”

అతడు అద్దం బిగించి తెచ్చి ఆఫీసు గోడకు తగిలించిన ఆ పత్రానికి ముద్ర ఉంది, సంతకం ఉంది. చదువుకున్నవారి సంతకాన్ని అనుమానించే అలవాటు ఆమెకు లేదు. ఆ అలవాటు లేనివారిని వెతికి పట్టుకోవడమే ఇటువంటి కంపెనీల ప్రతిభ. కొత్త రోడ్డు పక్కన నాలుగు వందల మొక్కలను ఆమె సంచులతోనే నాటించింది. మిగిలిన సంచులను కూలీలు నిశ్చింతగా మురుగు కాలువలోకి విసిరారు. ఎలాగూ కలిసిపోతాయి కదా! మొదటి వానకు అవి కలిశాయి కూడా: కల్వర్టు నోట్లో, ఒకదానితో ఒకటి.

రెండో వేసవికి మొక్కలు పసుపు తిరిగాయి. పిన్ని రోజూ ట్యాంకరు పైపు పట్టుకొని ఒక్కొక్క మొక్క మొదట్లో నీళ్లు నింపింది. అయినా ఎండాయి. ఆకు బాబు మళ్లీ వచ్చాడు, ఈసారి టైపు చేసిన కాగితంతో. ‘నేను సక్రమంగా నీళ్లు పోయనందున మొక్కలు చనిపోయినవి’ అని దాని సారాంశం. కింద ఆమె సంతకం కోసం ఒక గీత.

నర్సరీ మేనేజరు గొంతు తగ్గించాడు. “పెట్టేయ్ పిన్నీ. పెడితే మందలించి వదిలేస్తారు. లేదంటే నీ ఉద్యోగం నేను కాపాడలేను.”

“నీళ్లు పోశాను కదయ్యా!”

“ఎవరు కాదన్నారు? కాగితం మీద పోయలేదనుకో.”

ఒక్కరోజు గడువు అడిగింది. మందుల దుకాణంలో పనిచేసే కూతురు మధ్యాహ్నం నర్సరీ ఆఫీసుకు వచ్చి, గోడ మీది పత్రాన్ని దించి ఫ్రేము ఊడదీసింది. మందు పెట్టెల మీది చీమ తలంత అక్షరాలు చదవడం ఆమెకు రోజూ ఉన్న పనే. ఫ్రేము అంచు కప్పేసిన చోట రెండు వరుసలున్నాయి.

“అమ్మా, కంపోస్టు ఫ్యాక్టరీలో, అరవై డిగ్రీల వేడిలో పెడితేనే ఇది కరుగుతుందట. మామూలు నేలకు వర్తించదని రాశారే!”

మర్నాడు ఉదయం రోడ్డు పక్కన, మేనేజరూ ఆకు బాబూ చూస్తుండగా, పిన్ని గడ్డపారతో ఎండిన మొక్కనొకదాన్ని పెళ్లగించింది. సంచి సంచిలాగే వచ్చింది. దాని మీద అక్షరం చెరగలేదు. లోపల వేళ్లు దారి దొరకక గుండ్రంగా తిరిగి తిరిగి తాడులా పేనుకుపోయాయి.

“నిర్దిష్ట పరిస్థితుల్లో మాత్రమేనని పత్రంలో ఉందండీ,” అన్నాడు ఆకు బాబు.

“అరవై డిగ్రీలటగా? మొక్కను నాటమన్నావా బాబూ, ఉడకబెట్టమన్నావా?”

కూలీలు పగలబడి నవ్వారు. అతడు నవ్వలేదు, సిగ్గుపడనూ లేదు. ‘మూడు నెలలు’ నోటిమాట. దానికి కాగితం లేదు. కాగితంలో ఉన్న మాటకు షరతు ఉంది; ఆ షరతు మీద ఫ్రేము ఉంది. మోసానికి ఇంత శ్రద్ధగా కొలతలు తీసేవాళ్లు నిజంగా కరిగే సంచిని తయారు చేయడానికి అందులో పదో వంతు కష్టపడలేదు.

పిన్ని టైపు కాగితాన్ని తిరిగి ఇచ్చేసింది. తన కాగితం తీసింది. ఆమె చెబుతుంటే కూతురు రాత్రే రెండు ప్రతులు రాసింది: ‘నీళ్లు పోశాను. సంచి కోయలేదు. కోయవద్దని కంపెనీ మనిషి చెప్తే నమ్మాను. నమ్మడం నా తప్పు.’ కింద ఆమె సంతకం ముందే ఉంది.

“తప్పు నీదేనంటూ మళ్లీ కంపెనీ పేరెందుకు పిన్నీ?” అన్నాడు మేనేజరు, బతిమాలుతున్నట్టుగా.

“నేను ఒక్కదాన్నే చేసిన తప్పా అది?”

“రేపటి నుంచి రావద్దంటారు మరి.”

“అననీ. చేయని తప్పుకు సంతకం పెట్టి, ఈ దారిన రోజూ నడవమంటావా?”

ఆకు బాబు అప్పటికే కారు తలుపు తీస్తున్నాడు. పిన్ని రెండో ప్రతిని మేనేజరు ముందు పరిచి, మట్టి వేలితో కింద ఖాళీ చోటు చూపించింది.

“ముట్టినట్టు రాసి తేదీ వెయ్యి నాయనా. నీ సంతకం కూడా పెట్టు.”

మేనేజరు కారు వైపు చూశాడు. తర్వాత జేబులో కలం వెతుక్కున్నాడు.