ఏ బటన్ నొక్కాలో తెలియని ప్రొఫెసరు

ప్రొఫెసర్ క్లైవ్ ట్రెంబాత్‌కు ఏ బటన్ నొక్కాలో ఎప్పుడూ గుర్తుండదని పేరు. నక్షత్రాల పేర్లు గుర్తుంటాయి, పదేళ్ల కిందట ఎవరింట్లో ఏ కేకు తిన్నదీ గుర్తుంటుంది. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం పసిపిల్లాడే.

ఆస్ట్రేలియాలో డార్లింగ్ డౌన్స్ మైదానాల మీది ఆ చిన్న విశ్వవిద్యాలయానికి కొత్తగా వచ్చిన లెక్చరర్ బ్రోన్విన్‌కు ఇదో గండమై కూర్చుంది. డిగ్రీ పిల్లలు టెలిస్కోపుకు కన్నానించి పెన్సిలుతో బొమ్మలు గీసే పద్ధతి మాన్పించి, డిజిటల్ కెమెరాతో ఆకాశాన్ని ఫోటో తీసి కొలిచే కోర్సు పెట్టిందామె. నవంబరులో కమిటీ వచ్చి బాగుందంటేనే అది నిలుస్తుంది. అలాంటి ల్యాబులో ఆమెకు తోడుగా వేసింది క్లైవ్‌ను.

ఒక సాయంత్రం పిల్లలు టెలిస్కోపు మూతికి తెల్ల టీషర్టు బిగిస్తుంటే ఆయన వెనక వరసలో నిలబడ్డ టోంగా దీవుల అమ్మాయి సేలా దగ్గరికి వెళ్లాడు. కోర్సు మొదలయ్యాక ఆ పిల్ల ఒక్కసారీ నోరు విప్పలేదు.

"టెలిస్కోపుకు చలేస్తోందా సేలా?"

"చలి కాదండీ," అంది సేలా, వినీ వినపడనట్టు. "లోపలి దుమ్ము ఫోటోలో మచ్చలుగా పడుతుంది. చొక్కాలోంచి వచ్చే వెలుగు అంతటా ఒకేలా ఉంటుంది కదా, దాన్ని ఫోటో తీస్తే మచ్చలెక్కడున్నాయో తెలిసిపోతుంది. తర్వాత వాటిని చెరిపెయ్యొచ్చు."

"ఓహో. ఇప్పుడు ఏ బటన్ నొక్కాలి?"

మరుసటి వారం మళ్లీ అదే ప్రశ్న. ఆ పై వారమూ అదే.

"పోయిన వారం చెప్పాను కదా క్లైవ్," అంది సేలా. గొంతు ఈసారి గది చివరిదాకా వినిపించింది.

"చెప్పావు. నాకర్థమయ్యేలా చెప్పలేదు."

ఆ మాటకు రోషమొచ్చి ఆమె బొమ్మలు వేసి తెచ్చింది. చూస్తుండగానే మరో నలుగురు చేరి, ఆయనకు నేను చెబుతానంటే నేను చెబుతానని పోట్లాడుకోసాగారు.

బ్రోన్విన్ మాత్రం తల పట్టుకుంది. "కమిటీ వచ్చిన రోజు దయచేసి కంప్యూటరు జోలికి పోకండి."

"నేనెప్పుడు పోయాను? పిల్లలే పోతున్నారు," అన్నాడాయన నిమ్మళంగా.

నవంబరులో కమిటీ పెద్ద ఫిలిపా, ఎదురుగా కనిపించిందని సేలానే ప్రశ్నించింది. తాను చెబుతానని బ్రోన్విన్ ముందుకు రాబోయింది. సేలా ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పింది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఒక నక్షత్రం వారంలో ఎంత మసకబారిందో అంకెలతో సహా చూపించింది. కోర్సు నిలిచింది.

వెళ్తూ వెళ్తూ ఫిలిపా క్లైవ్ చెయ్యి పట్టుకుంది. "మీరు రాసిన ప్రోగ్రామే మేమూ వాడుతున్నాం."

"ఏ ప్రోగ్రాము?" అంది బ్రోన్విన్.

"ఇదే. ఈ కెమెరాను నడిపేది. మొదట రాసింది ఈయనేగా."

అందరూ వెళ్లాక బ్రోన్విన్ ఆయన్ను పట్టుకుంది. "అయితే ఇన్ని నెలలూ ఆడింది నాటకమా?"

"అన్నీ తెలిసినవాడికి ఎవరు చెబుతారు బ్రోన్విన్? ఏమీ రాని ముసలాడంటే జాలిపడి నోరు విప్పుతారు."

ఆమెకు కోపం తెచ్చుకోవాలనే ఉంది గానీ రాలేదు. "మరి స్టాఫ్ రూంలో ఆ కాఫీ మిషను? దాని ముందు కూడా అలాగే నిలబడతారుగా?"

క్లైవ్ ముఖం చిన్నబోయింది. "అది మాత్రం నిజంగానే రాదు."

బ్రోన్విన్ నవ్వుతూ ఆయన్ను స్టాఫ్ రూంకు లాక్కెళ్లింది.